అరువు తెచ్చుకొన్న పాతదనము

నేటి ఛాయాచిత్ర లోకమున ఒక అభిప్రాయము వేదవాక్యమై చెల్లుచున్నది. డిజిటల్ కెమెరా తీసిన చిత్రము చప్పనిదనియు, ప్రాణము లేనిదనియు, దానికి ప్రాణప్రతిష్ఠ జరుగవలెనన్నచో కొడాక్ గోల్డనియో, పోర్ట్రా యనియో, వెల్వియా యనియో, ట్రై-ఎక్సనియో ఒకానొక ఫిల్ము పేరు తగిలించుకొన్న స్టైలును ఎడిటింగు సాఫ్ట్‌వేరులో వెదకి దానిపై ఒక నొక్కు నొక్కవలెననియు, ఆ నొక్కుతోనే చిత్రమునకు ఆత్మయు, ఆర్ద్రతయు, జ్ఞాపకపు పరిమళమును ఒక్కసారిగా అబ్బుననియు ఆ అభిప్రాయ సారాంశము. లైట్‌రూములోనేమి, కాప్చర్ వన్‌లోనేమి, ఊరక దొరకు డార్క్‌టేబులులోనేమి ఇట్టి స్టైలులు కుప్పలు తెప్పలుగా నున్నవి. ఫూజీ వారు తమ కెమెరాల లోపలనే ఫిల్ముల పేర్లను పొదిగి అమ్ముచున్నారు. ఈ మతమును ఖండించుటకే ఈ వ్యాసము.

2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమను పేరు పొందిన పోర్ట్ బ్లెయిరునందు, ఓడరేవును ఆనుకొని యున్న హాడో పేటలో కూడ ఈ మతమునకు అనుయాయులు తక్కువ కారు. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాను నికోబారు దీవులలో నూటికి పదమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు; శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపులనుండి ఓడ నెక్కి వచ్చి, హాడో వార్ఫున దిగి, ఇచటనే వేళ్లూనినవారి సంతతి వారిలో మిక్కుటము. వారి యిండ్లలో పెండ్లి కుదిరినదనగానే ముహూర్తముతోబాటు 'లుక్కు' కూడ నిశ్చయమగుచున్నది. 'మాకు ఆ పాత రీలు లుక్కు కావాలండీ' అని పెండ్లివారు అడుగుటయు, 'ఆల్బమంతా ఒకే టోనులో ఇచ్చేస్తామండీ' అని స్టూడియోవారు మాట ఇచ్చుటయు, ఉభయులును సంతుష్టులగుటయు నేడు మామూలైనది. ఇందెవరి దురుద్దేశమును లేదు; ఉన్నది ఒక అపోహ. అది అందముగా నుండుట చేతనే దాని విచారణ అవసరమగుచున్నది.

ముందు పూర్వపక్షమును దానికి అన్యాయము కలుగకుండ చెప్పుకొందము. ఈ మతస్థుల వాదములు మూడు. మొదటిది, ఏ చిత్రమును ప్రకృతికి అచ్చుగుద్దినట్లుండదు, కెమెరా తయారుచేసినవాని తీర్పు ప్రతి రంగులోను ఉండనే యుండును, కావున ఫిల్ముల తీర్పును ఎన్నుకొనుటలో తప్పులేదనుట. రెండవది, ఫిల్ము వెలుగును మృదువుగా పట్టెడిది, డిజిటల్ కర్కశముగా పట్టును, కావున కర్కశమును మృదువు చేయుట ధర్మమనుట. మూడవది, మన జ్ఞాపకములన్నియు తల్లిదండ్రుల ఆల్బములలోని ఆ వెలిసిన రంగులలోనే యున్నవి, కావున నేటి చిత్రమునకు ఆ రంగు పూసినచో అది వెంటనే జ్ఞాపకమగుననుట. మొదటిది నిజము, రెండవది సగము నిజము, మూడవది మాత్రము పూర్తిగా అబద్ధము. ఆ అబద్ధమును మోయుటకే తక్కిన రెండు నిజములును కూలికి పోవుచున్నవి.

ఫిల్ము స్టైలనగా నేమో విప్పి చూచినగాని ఈ విషయము తేటపడదు. కెమెరాలోని సెన్సరు వెలుతురును లెక్కించు యంత్రము. వెలుతురు రెండింతలైన అంకె రెండింతలగును, హద్దు చేరినంతనే లెక్క అక్కడ తెగిపోవును. ఆ లెక్కను ఉన్నదున్నట్లు దాచిన రా ఫైలును ఏ వక్రరేఖయు తగిలింపక చూపినచో బొమ్మ నల్లగా, నీరసముగా నుండును; అందుచేత ప్రతి సాఫ్ట్‌వేరును ఏదో యొక వక్రరేఖను దానికి తగిలించియే తెరమీద చూపును. ఫిల్ము పద్ధతి వేరు. దానిపై పడిన వెలుతురునకును, అందేర్పడు నలుపునకును గల సంబంధమును హర్టరు, డ్రిఫీల్డు అను ఇరువురు 1890లో గీతగా గీచి చూపిరి. ఆ గీత నడుమ నిటారుగా నుండి, అడుగున పాదము వలెను పైన భుజము వలెను వంగి యుండును. ఆ భుజమున్నందుననే తెల్లని మేఘము తటాలున తెగిపోక, మెల్లమెల్లగా తెలుపులో కలిసిపోవును. ఇది ఫిల్ము నేర్పిన గొప్ప మర్యాద. దీనిని డిజిటల్ చిత్రమున అనుసరించుటను నేను ఎంతమాత్రమును నిందింపను.

కాని స్టైలు మూటలో ఈ గుణమొక్కటే రాదు. దానివెంట నలుపును బూడిదరంగునకు లేపుట, తెలుపును మీగడవన్నెకు దింపుట, ఆకుపచ్చను చంపుట, బొమ్మనిండ గ్రెయిను చల్లుట, దీపముల చుట్టు ఎర్రని వలయములు గీయుట మొదలగునవి వచ్చును. ఇవన్నియు ఫిల్ము చేసినవారు దోషములని యెంచి, వానిని తొలగించుటకు తరతరములు శ్రమించినవి. గ్రెయినును సన్నము చేయుటకే కదా 1980లలో కొడాక్ వారు పలకల ఆకృతిగల రజతలవణ స్ఫటికములను కల్పించినది! వెలుగు ఫిల్ము వెనుకకు పోయి తిరిగి వచ్చి వలయమై పడకుండుటకే కదా సినిమా ఫిల్ము వీపున నల్లని పూత పూసినది! రంగులు వెలియకుండుటకు ఎందరు రసాయన శాస్త్రజ్ఞులు ఎన్నియేండ్లు ప్రయోగశాలలలో గడిపిరో! వారు తుడిచివేయజూచిన మరకను మనము డబ్బిచ్చి కొని తెచ్చి తిరిగి అంటించుచు, ఇదియే వారి కళ యనుట వారిని గౌరవించుటయగునా?

ఇంకొక సంగతి. కొడాక్ గోల్డు రంగు, పోర్ట్రా రంగు అని మనము పిలుచుకొనుచున్నది నిజముగా ఆ ఫిల్ము రంగేనా? కలరు నెగటివును వెలుతురునకు పట్టి చూచినవారికి తెలియును, అది నారింజవన్నె ముసుగులో తలక్రిందులైన రంగుల చీటి; దానియందు చూచుటకు తగిన చిత్రమే లేదు. 1972లో వచ్చిన సి-41 పద్ధతిని అనుసరించి ల్యాబులో రీలు కడిగిన పిదప, ప్రింటు కాగితము తన రంగు కలిపెడిది. యంత్రము ముందు కూర్చున్న ఆపరేటరు పసుపు ఒక మెట్టు పెంచియో, ఎరుపు ఒక మెట్టు తగ్గించియో తన కంటికి నచ్చిన రంగు కలిపెడివాడు. స్కానరు వచ్చిన తరువాత అదియును తన వంతు కలిపెను. ఒకే నెగటివును రెండు ల్యాబులలో ఇచ్చిన రెండు ముఖవర్ణములు వచ్చెడివి. అట్టి అస్థిరమైన దానిని ఒక సాఫ్ట్‌వేరులో స్థిరమైన అంకెలుగా బిగించి 'ఇదిగో అసలు ఫిల్ము' అనుట, ఆ రంగులో సగము పని చేసిన ఆపరేటరును చరిత్రలోనుండి గెంటివేయుటయే. కొడాక్రోము కథ మరియు విచిత్రము. 1935లో పుట్టి 2009లో తయారీ ఆగిన ఆ స్లైడు ఫిల్మును కడుగు చివరి ల్యాబు, అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున, 2010 డిసెంబరు 30వ తేదీతో కొత్త రీళ్లు పుచ్చుకొనుట మానెను. చీకటి గదిలో ప్రొజెక్టరు ముందు కూర్చుండి దానిని ఎన్నడును చూడనివారు కూడ నేడు దాని పేరు గల స్టైలు 'అచ్చం అలాగే ఉంది' అని సాక్ష్యమిచ్చుచున్నారు.

ఇక మన మేనిరంగు ప్రస్తావనకు వత్తము. కొడాక్ ల్యాబులలో రంగులు సరిచూచుకొనుటకు దశాబ్దముల తరబడి వాడిన నమూనాపటమునకు షర్లీ కార్డని పేరు. దానిపై నుండునది తెల్లజాతి యువతి ముఖము. ఆమె చెక్కిలి సరిగా వచ్చిన యంత్రము సరిగా నున్నట్లు లెక్క. చామనచాయకును నలుపునకును ఆ లెక్కలో చోటులేకుండెను. 1970ల చివర మొజాంబికునకు పోయిన ఫ్రెంచి దర్శకుడు గొదార్, నల్లవారి మేనికి న్యాయము చేయదని కొడాక్ ఫిల్మును నిరాకరించెనని ప్రసిద్ధి. ఈ చరిత్రను త్రవ్వి తీసిన లోర్నా రోత్ అను పరిశోధకురాలు చెప్పినదానిలో మరింత చేదైన అంశము కలదు: ముదురు వన్నెలను ఫిల్ము విడదీసి చూపవలెనను ఒత్తిడి మొదట వచ్చినది మనుష్యుల ఫిర్యాదు వలన కాదట, తమ సరుకులోని రంగుభేదము పడుట లేదని చాకొలేటు వర్తకులును, కలప సామాను వర్తకులును మొరపెట్టుకొనుట వలననట. తరువాతి ఫిల్ములు ఈ లోపమును చాలవరకు దిద్దుకొన్న మాట నిజమే. కాని నేటి స్టైలులలో ఎక్కువ మోజు గలవి దిద్దుకొన్న ఫిల్ములవి కావు. దిద్దుకొనని కాలపు 'వింటేజి' రంగులవి.

కలప మాట వచ్చినది గనుక హాడో నుండి వంతెన దాటి చాతామునకు పోదము. అచటి కోతమిల్లు 1883లో స్థాపింపబడినది. అండమాను పడౌకు దుంగను కోసినపుడు తాజా పలక కెంపువన్నెతో మెరయును. గాలియు వెలుతురును సోకినకొద్ది ఆ ఎరుపు తగ్గి గోధుమవన్నెకు దిగును. కావున పలక రంగును చూచి అది నిన్న కోసినదో, నాలుగేండ్ల క్రిందట కోసినదో పనివాడు ఊహింపగలడు. ఈ రెండు పలకలను ప్రక్క ప్రక్కన నుంచి తీసిన చిత్రముపై, ఎరుపును గోధుమవన్నె వైపు త్రిప్పు ఫిల్ము స్టైలు నొకదానిని నొక్కి చూడుడు. రెండు పలకలును ఒకే ఈడువై పోవును. చిత్రము అందముగానే యుండవచ్చును. కాని అందులో నిన్నటికిని నాలుగేండ్లకును భేదము నశించినది. కాలమును చిత్రమున కలుపుదునని వచ్చిన స్టైలు, చిత్రములో నిజముగా నున్న కాలమును తీసికొని పోయినది.

పెండ్లి ఆల్బములోను జరుగుచున్నది ఇదియే. మధుపర్కములు కట్టుకొన్న వధూవరుల చిత్రము నొకదానిని తెరమీదికి తెచ్చుకొందము. నూలుబట్ట తెలుపు, ఎర్రని అంచు, పెండ్లికూతురి చెక్కిళ్లపై పసుపు, నుదుట కుంకుమ, గుమ్మమున మామిడాకుల పచ్చ, ఇన్ని శుద్ధవర్ణములు ఒక్కచోట చేరుట తెలుగు పెండ్లిలోనే చూడవలెను. స్టైలు నొక్కితిమి. మొదట తెలుపు మీగడగా మారెను. చూచువానికి మధుపర్కములు క్రొత్తవి కావనియో, చాకలి ముఖము చూడనివనియో తోచును. పసుపు నారింజలోనికి జారెను; పసుపునకును మేనిచాయకును గల సన్నని ఎల్ల చెరిగి, పెండ్లికూతురు పసుపు పూసికొన్నదో ఎండకు కమిలినదో తెలియకుండెను. మామిడాకులు ఎండిన ఆకులైనవి, తోరణము కట్టిన గంటకే వాడినది. నల్లపూసల నలుపు బూడిదయైనది. ఇన్ని జరిగిన పిమ్మట దానిని 'టోను' అనుచున్నారు. శుభకార్యమున దేనికి ఏ రంగుండవలెనో పెద్దలు ఊరక నియమింపలేదు; ఆ రంగులే అక్కడి అర్థములు. వానిని అన్నిటిని ఒక జావగా కలిపి, కావడియెత్తు ఆల్బములో అచ్చువేసి, లక్షలు వ్యయమైన పెండ్లికి సాక్ష్యమని యిచ్చుట న్యాయమా?

ఊరి సంగతియు చూడవలెను. హాడో ఉత్తర అక్షాంశము పదునొకండు డిగ్రీల నలువది నిమిషముల చేరువ నున్నది. ఏప్రిలు మూడవ వారము చివరను, ఆగస్టులో మరల ఒకసారియు, మధ్యాహ్నవేళ సూర్యుడు నడినెత్తి మీద నిలిచి మనిషి నీడను కాళ్లక్రిందికి త్రొక్కును. భారత ప్రామాణిక కాలరేఖకు పది డిగ్రీలు తూర్పున నుండుట చేత వేసవిలో గడియారము అయిదు కొట్టునప్పటికే ఇచట తెల్లవారిపోవును. మే నెలలో నైరృతి ఋతుపవనము దేశమున మొట్టమొదట తడుపునది ఈ దీవులనే. తడిసిన యడవి పచ్చదనము వేరు, ఎండిన యడవి పచ్చదనము వేరు. ఇట్టి ఎండను, ఇట్టి పచ్చను, ఇట్టి నీటిని పెట్టుకొని, ఎక్కడనో తయారైన ఒకే స్టైలును హాడోలోను, అరకులోను, న్యూజెర్సీలోని తెలుగువారి దేవాలయ ప్రాంగణములోను నొక్కుచున్నాము. ఫలితముగా మూడుచోట్లను ఒకే నీలి-నారింజ ఊరు వెలసినది. ఆ ఊరిలో ఎవరును కాపురముండలేదు.

ఇంత చెప్పినందున, స్పష్టముగా తీసిన చిత్రమే సత్యమను వాదము నాదని ఎవరును భ్రమపడరాదు. ఆ భ్రమను పోగొట్టుటకు హాడో చరిత్రయే చాలును. 1879లో అండమాను ఆదివాసుల వ్యవహారములకు అధికారిగా నియమితుడైన మారిస్ విడాల్ పోర్ట్‌మన్, హాడోలో నాడుండిన 'అండమాన్ హోము'నకు చేర్చిన ఆ ప్రజలను 1890లలో విస్తారముగా ఛాయాచిత్రములుగా తీసి, ప్లాటినము ప్రింట్లుగా బ్రిటిష్ మ్యూజియమునకు పంపెను. శాస్త్రమునకు కావలసినది ఖచ్చితత్వమనియు, మసకబొమ్మల సొగసు అక్కరకు రాదనియు అతడు 1896లో ఒక వ్యాసమున వాదించెను. అతని ప్రింట్లు నేటికిని చెదరలేదు. కాని గళ్లతెర ముందు నిలువబెట్టి కొలుచుటకు తీసిన ఆ చిత్రములలో, ఎదుటి మనిషిని మనిషిగా చూచిన చూపు అరుదు. ఖచ్చితత్వము ఛాయాచిత్రకారుని పాపమును కడుగలేదు. ఐనను ఒక భేదము కలదు: పోర్ట్‌మన్ చేసిన తప్పును మనము నేడు గుర్తింపగలుగుట, అతడు తన చిత్రములపై లేని సొగసును పూయకుండుట వలననే. మసక ముసుగు లేనందున అతని అధికారదృష్టి ఉన్నదున్నట్లు బయటపడినది. చిత్రము తీసినవానికి వ్యతిరేకముగా కూడ సాక్ష్యమీయగలిగి యుండుట ఛాయాచిత్రమునకు గల ఘనత. ముందే జ్ఞాపకముగా అలంకరింపబడిన చిత్రము ఎవరికి వ్యతిరేకముగాను నోరు విప్పదు.

మన సినిమాలోనే దీనికి దృష్టాంతము కలదు. 1957 నాటి 'మాయాబజార్'ను 2010లో రంగులు వేసి విడుదల చేసినపుడు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నలుపు తెలుపులలో తీర్చిన వెన్నెలకు రంగెందుకని నొచ్చుకొన్నవారు కలరు. బార్ట్లే రంగు లేక నలుపు తెలుపులకు దిగినవాడుగా గాక, ఏ చీరె ఏ బూడిదవన్నెగా పడునో, ఏ దీపము ఏ నీడ వేయునో షాటునకు ముందే లెక్కకట్టిన వాడుగా నా తెరపై కనబడుచున్నాడు. అతని పనిపై తరువాత రంగు పూయుట అపచారమని తలచువారు, నేటి పనిపై తరువాత పాతదనము పూయుటను ఏ నోట మెచ్చుకొందురు? రెండును ఒకే పని: చిత్రమును దాని కాలమునుండి పెరికి వేరొక కాలమున నాటుట. ఫిల్మునుండి నేర్వదగినది బార్ట్లే చేసిన ఆ ముందు నిర్ణయము. ముప్పదియారు బొమ్మల రీలు కెమెరాలోనికి ఎక్కించినవాడు మీట నొక్కకముందే వేగము, వెలుతురు, రంగు అన్నిటిని గూర్చి ఒక మాటకు కట్టుబడెడివాడు. స్టైలు వాడువాడో, వేయి బొమ్మలు తీసి, ఇంటికి వచ్చి, ఏ మాటకు కట్టుబడవలెనో పట్టికలో వెదకుకొనుచున్నాడు. ఫిల్మును అనుకరించునని పేరేగాని, ఫిల్ము క్రమశిక్షణకు ఇంతకంటె విరుద్ధమైనది లేదు.

ఇక జ్ఞాపకమను ఆ మూడవ వాదము కూడ వీగిపోవుచున్నది. మనదైన ఫిల్ము జ్ఞాపకమే కావలెనన్నచో ఉదకమండలమున 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్సు వారి 'ఇందు' ఫిల్మును తలచుకొనవలెను. స్టైలుల పట్టికలలో దాని పేరు నా కంట పడలేదు. మన యిండ్లలోని పాత ఫోటోలకు ఆ రంగు ఇచ్చినది ఏ కంపెనీ ప్రతిభయు కాదు. సముద్రపు తేమ, పెట్టెలోని వేడి, బంక అట్టల ఆల్బము, బూజు. ఆ వెలిసినతనము ఏండ్లమీద సంపాదించుకొన్నది. అది ఆ ఫోటోల వయస్సు. రేపు మనుమలు పెట్టె తెరచి చూచునపుడు, 1985 నాటి ఫోటో నిజముగా వెలిసినదనియు, 2025 నాటిది వెలిసినట్లు నటించినదనియు వారికి చెప్పువారెవరు?

'సరే, పాతకాలపు గ్రాంథికము వ్రాయుచు పాతకాలపు ఫిల్మును నిందించుట ఏమి న్యాయము?' అని చతురుడైన పాఠకుడు ఇప్పటికే అడుగదలచి యుండును. పెద్దల వాక్యనిర్మాణము నాకింకను పని చేసి పెట్టుచున్నది. దీర్ఘవాక్యములో వాదమును విరుగకుండ నడపవచ్చును గనుక దానిని వాడుచున్నాను. అంతేగాని, ఈ వ్యాసమును పాతదిగా భ్రమింపజేయుటకు కాగితమునకు టీనీళ్లు పూసి, చెదపురుగు బెజ్జములు పొడిచి, 1950 అని తేదీ వేయలేదు. భుజపు వంపును తీసికొనుట దీర్ఘవాక్యమును వాడుట వంటిది; గ్రెయినును, వెలిసినతనమును తీసికొనుట కాగితమునకు టీనీళ్లు పూయుట వంటిది.

కావున స్టూడియో నడుపువారికి నా మనవి: స్టైలులను పూర్తిగా విడువనక్కరలేదు, విప్పి వాడుడు. వెలుగును మెత్తగా ముగించు వక్రరేఖను ఉంచుకొనుడు. గ్రెయిను, వెలిసినతనము, లేపిన నలుపు, ఎర్ర వలయములను సున్నకు దింపుడు. తెలుపును మధుపర్కములను చూచి నిర్ణయింపుడు, పసుపును పెండ్లికూతురి ముఖమును చూచి నిర్ణయింపుడు. రా ఫైళ్లను పారవేయక పెండ్లివారికి ఒక ప్రతిని అందజేయుడు; ఏలయన స్టైలు దానిని చెరుపదు, రేపు ఎవరైనను నిజమైన రంగును తిరిగి తీసికొనవచ్చును. పెండ్లివారికి నా మనవి ఇంతకంటె చిన్నది: ఆల్బము పురమాయించునపుడు పాత రీలు లుక్కును అడుగకుడు, ఈ పెండ్లి ఈ యేడు, ఈ హాడోలో, ఈ ఎండలో జరిగినట్లు కనబడవలెనని అడుగుడు. పాతబడుట ఆ ఫోటోకు ఎటులను తప్పదు. దానికి మన సాయము అక్కరలేదు.